వేటను ఆపడం ఎలా: ఉచ్చు నుంచి కోర్టు దాకా ఒక సమగ్ర మార్గదర్శి

వన్యప్రాణుల రక్షణ అనగానే చాలామందికి తుపాకీ భుజాన వేసుకుని అడవిలో తిరిగే గార్డు గుర్తుకొస్తాడు. అతను కావలసినవాడే. అయితే అతను ఆ తుపాకీ ఎత్తాల్సి వచ్చిందంటే, అంతకు ముందు జరగాల్సిన పనులు చాలానే జరగలేదని అర్థం. వేట అడవిలో మొదలవదు. ఎక్కడో ఒకరు కొంటామంటారు, ఇంకొకరు బయానా ఇస్తారు, మరొకరు దారి చూపిస్తారు, చివరికి ఎవరో ఒక పేదవాడు తీగ బిగిస్తాడు. పట్టుబడేది మాత్రం సాధారణంగా ఆ చివరివాడే.

అడవి పక్కన పనిచేసే చిన్న బృందాలను, గ్రామ రక్షణ కమిటీలను, కొత్తగా చేరిన క్షేత్ర సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. అడవికి దూరంగా ఉండేవారికి పనికొచ్చే సంగతులు చివరి భాగాల్లో ఉన్నాయి. ఒక షరతు ముందే చెప్పాలి. రక్షిత ప్రాంతంలో ఏ పని చేసినా అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి, వారి సిబ్బంది వెంట ఉండాలి. అనుమతి లేకుండా అడవిలో దొరికినవాడు కార్యకర్తా, వేటగాడా అన్నది అక్కడికక్కడ తేలే విషయం కాదు.

మొదటి అడుగు: ఏ రకం వేటో తేల్చుకోండి

అన్ని వేటలూ ఒకటి కావు. తిండి కోసం జరిగే వేట వేరు, దంతాలు, కొమ్ములు, చర్మాలు అమ్ముకోవడానికి జరిగే వేట వేరు. పంట తొక్కిన ఏనుగు మీద, పశువును చంపిన పులి మీద పగతో పెట్టే విషం ఇంకో రకం. పెంపకం కోసం చిలుకలను, తాబేళ్లను, బల్లులను ప్రాణాలతో పట్టుకుపోవడం మరో రకం. మొదటిదానికి ఉపాధి మందు కావచ్చు, రెండోదానికి నిఘా, దర్యాప్తు కావాలి, మూడోదానికి నష్టపరిహారం సకాలంలో అందాలి. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకొకదానికి వేస్తే డబ్బు, ఏళ్లు రెండూ పోతాయి.

తేల్చుకోవడానికి గడచిన ఏడాది సంఘటనలన్నీ ఒక కాగితపు పటం మీద గుర్తించండి. ప్రతి చుక్క పక్కన మూడు విషయాలు రాయండి: ఏ జంతువు, ఏ నెల, కళేబరంలో ఏ భాగం లేదు. మాంసం మొత్తం పోయి తల, చర్మం మిగిలితే ఒక కథ. మాంసం అలాగే ఉండి కొమ్ము మాత్రమే పోతే పూర్తిగా వేరే కథ. పశువుల కళేబరం పక్కనే నక్కలు, రాబందులు కూడా చచ్చిపడి ఉంటే అది విషం.

వేటిని చంపుతున్నారన్నది ఎన్నింటిని చంపుతున్నారన్నంత ముఖ్యం. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో తిరిగే సైగా జింకల్లో మగవాటికే కొమ్ములుంటాయి. కొమ్ముల కోసం మగవాటిని ఏరి చంపడంతో మందల్లో ఆడవాటికి జత దొరక్క పుట్టుకలే పడిపోయాయి. 2003 నాటికి కజకిస్తాన్‌లో దాదాపు 21 వేలు మిగిలాయి. వేట నిషేధం, గస్తీ, కొత్త రక్షిత ప్రాంతాలు కలిసి పనిచేశాక, మధ్యలో 2015లో అంటువ్యాధి రెండు లక్షలకు పైగా జింకలను బలి తీసుకున్నా, 2023 నాటికి సంఖ్య 19 లక్షలకు చేరింది. ఆ ఏడాది చివర్లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అత్యంత ప్రమాదపు జాబితా నుంచి తప్పించింది. వేట ఒత్తిడి తగ్గితే ప్రకృతి ఎంత వేగంగా కోలుకోగలదో దీనికంటే గట్టి రుజువు అరుదు.

రెండో అడుగు: అడవి కంటే ముందు ఊరు

గస్తీ మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ఊళ్లలో కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, వినడానికి. పంట నష్టం ఎంత, పరిహారం ఎన్ని నెలలకు వస్తోంది, అడవిలోకి వెళ్లే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి పోయింది, పాత అధికారులతో ఏ గొడవలున్నాయి, ఇవన్నీ తెలియకుండా ఒక్క గోడపత్రిక కూడా అంటించవద్దు.

ఊరు తలచుకుంటే ఏం జరుగుతుందో నాగాలాండ్ చూపించింది. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అముర్ డేగలను వలలు కట్టి లక్షకు పైగా పట్టి చంపారని అంచనా. ఊరి పెద్దలు, చర్చిలు, యువకులు, సంరక్షణ సంస్థలు, ప్రభుత్వం కలిసి మాట్లాడుకున్నాక 2013 సీజన్‌లో అక్కడ వలలో ఒక్క డేగా చావలేదు. ఏడాదిలో వచ్చిన మార్పు అది. ఎన్ని తుపాకులు పెట్టినా అంత త్వరగా సాధ్యమయ్యేది కాదు. ఊరి నిర్ణయాన్ని ఊరే కాపలా కాసింది.

నేపాల్‌ది నిదానంగా నడిచిన దారి. అక్కడ గ్రామ యువత వేట నిరోధక బృందాలుగా ఏర్పడి, సైన్యంతో, పార్కు సిబ్బందితో సమాచారం పంచుకుంది. 2011లో ఆ దేశంలో ఒక్క ఖడ్గమృగం కూడా వేటకు బలికాలేదు. ఆ ఏడాది లెక్కలో 534 ఉన్నవి, 2021 లెక్కకు 752 అయ్యాయి. నమీబియా 1996లో చట్టం మార్చి, సామూహిక భూముల్లో వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయంలో స్థానిక సంఘాలకు హక్కు ఇచ్చింది. జంతువు బతికి ఉంటేనే తనకు లాభం అనుకునే ఊరిని మించిన కాపలాదారు దానికి ఉండదు.

పాత వేటగాళ్లను పనిలో పెట్టుకోవడం గురించి చాలామంది సంకోచిస్తారు. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు చెట్ల బెరడు దొంగిలించినవాళ్లే తర్వాత అడవిని కాశారు. అడవిలో ఏ మలుపు దగ్గర ఉచ్చు పెడతారో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? అయితే ఒక హెచ్చరిక. జీతం మూడు నెలలు ఆలస్యమైందంటే మీరు శిక్షణ ఇచ్చిన మనిషిని దళారికి అప్పగించినట్టే. శాశ్వతంగా ఇవ్వగలిగినన్ని ఉద్యోగాలే మాట ఇవ్వండి. వాగ్దానం తప్పిన ఊరు, అసలు అడుగుపెట్టని ఊరి కంటే కష్టం.

మూడో అడుగు: గస్తీ

నడక తప్పదు. జీపు శబ్దం కిలోమీటరు దూరం నుంచే వినబడుతుంది, పైగా వేటగాడు రోడ్డు మీద ఉచ్చు పెట్టడు. నలుగురైదుగురు ఉండే బృందం చాలు. వారిలో ఒకరికి ప్రథమ చికిత్స వచ్చి ఉండాలి, ఒకరి పని కేవలం రాయడం. బయలుదేరే ముందు దారి, తిరిగి వచ్చే సమయం శిబిరంలో ఒకరికి చెప్పి వెళ్లాలి. అనుకున్న వేళకు రాకపోతే ఎవరు ఎవరికి ఫోను చేయాలో కూడా ముందే రాసుకోవాలి.

గస్తీకి పెద్ద శత్రువు అలవాటు. సోమవారం ఉత్తరం, గురువారం దక్షిణం అని తిరిగితే రెండు వారాల్లో ఆ పట్టిక ఊరందరికీ తెలిసిపోతుంది. దారులు చీటీలు తీసి ఎంచుకున్నా తప్పులేదు. పండుగ రోజులు, జోరువాన వెలిసిన ఉదయాలు, వారాంతపు రాత్రులు సిబ్బంది తక్కువగా ఉండే సమయాలని వేటగాడికీ తెలుసు. ఆఫ్రికాలో ఖడ్గమృగాల వేట పౌర్ణమి చుట్టూ పెరుగుతుంది, దీపం లేకుండా నడవొచ్చు కాబట్టి. నిండు వెన్నెల రాత్రులకు మీ సెలవులు పడకుండా చూసుకోండి. గస్తీ పట్టికను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. దారి ఏదో బృందానికి బయలుదేరేటప్పుడు చెప్పినా సరిపోతుంది.

ఆయుధం లేకుండా గస్తీ సాధ్యమా అంటే, కొంతవరకు సాధ్యమే. దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ పార్కు పక్కనున్న బలూలే అభయారణ్యంలో 2013 నుంచి బ్లాక్ మాంబాస్ పేరిట పనిచేస్తున్న బృందంలో ఎక్కువ మంది స్త్రీలే. తుపాకులు ఉండవు. వాళ్లు కంచెలు చూస్తారు, ఉచ్చులు తీస్తారు, అనుమానం వస్తే సాయుధ సిబ్బందికి కబురు పెడతారు. కళ్లు, చెవులు వేరు, చేతులు వేరు అన్న ఈ విభజనను స్వచ్ఛంద బృందాలు తప్పక పాటించాలి. వేటగాడు ఎదురైతే వెంబడించడం మీ పని కాదు. వెనక్కి తగ్గండి, దాక్కోండి, ఎంతమంది, ఏ వైపు వెళ్లారు, ఏ బట్టలు, ఏ వాహనం అన్నవి గుర్తుపెట్టుకుని కబురు పంపండి.

నాలుగో అడుగు: ఉచ్చులు ఏరడం

ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. ఉచ్చు చౌక. సైకిల్ బ్రేక్ తీగ, మోటారుసైకిల్ క్లచ్ తీగ, కంచె తీగ, ఏదైనా పనికొస్తుంది. ఒక్క మనిషి ఒక్క రోజులో పదుల సంఖ్యలో పెట్టి వెళ్లిపోతాడు. తుపాకీ ఎంచుకుని కాలుస్తుంది, ఉచ్చుకు ఎంపిక లేదు. అడవి పందికి పెట్టినదాంట్లో పులి పిల్ల పడుతుంది. పెట్టినవాడు మరిచిపోయినా తీగ మరిచిపోదు, నెలల తరబడి చంపుతూనే ఉంటుంది. కంబోడియా, లావోస్, వియత్నాం రక్షిత ప్రాంతాల్లో కోటీ ఇరవై లక్షలకు పైగా ఉచ్చులు ఉండవచ్చని 2020లో వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంచనా వేసింది. కంబోడియాలో కెమెరాకు చిక్కిన చివరి పులి 2007 నాటిది.

ఎలా వెతకాలి? జంతువుల దారి వెంట, నీటి గుంటల చుట్టూ, పొలానికీ అడవికీ మధ్య అంచున. కొమ్మలు, ముళ్లకంపలు వరుసగా పేర్చి, మధ్యలో చిన్న సందు వదిలిన కంచె కనిపిస్తే ఆ సందులోనే ఉచ్చు ఉంటుంది. ఒక్కో కంచెకు అలాంటి సందులు చాలా ఉంటాయి, ఒకటి దొరికిందని ఆగిపోవద్దు. అడ్డంగా వరుసలో నిలబడి, మనిషికీ మనిషికీ మధ్య పదడుగుల దూరం ఉంచుకుని నడవండి. చేతికర్రతో ముందు నేలను, పొదలను తడుముతూ వెళ్లాలి. వంచి కట్టిన లేత చెట్టు కనబడితే కాలు ముందుకు వేయకండి, అది మనిషి కాలిని కూడా లాగేస్తుంది. ఏటవాలుగా పడే ఎండలో తీగ మెరుస్తుంది కాబట్టి ఉదయం, సాయంత్రం వెతకడం మేలు.

తీసే ముందు రాయండి. జీపీఎస్ స్థానం, తీగ రకం, నేల నుంచి ఉచ్చు ఎంత ఎత్తులో ఉంది, దాని వలయం ఎంత వెడల్పు. ఎత్తు, వెడల్పు చూస్తే ఎవరికి గురిపెట్టారో తెలుస్తుంది. తుప్పు, చెట్టు బెరడులో పడిన గాటు చూస్తే ఎప్పటిదో తెలుస్తుంది. ఫొటో తీశాక తీగను కత్తిరించి, సంచిలో వేసుకుని, పూర్తిగా బయటికి తీసుకురండి. అక్కడే పారేస్తే మళ్లీ వాడతారు. కొత్త ఉచ్చు అయితే ఒక నిమిషం ఆగి ఆలోచించండి: అధికారులు అక్కడ మాటు వేయాలనుకోవచ్చు. అప్పుడు ముట్టుకోకుండా ఫొటో తీసి, కబురు పెట్టి, వచ్చిన దారినే వెనక్కి రావాలి.

కొన్నిచోట్ల తీగకు కరెంటు పెడతారు. నేల మీద, తక్కువ ఎత్తులో, చిన్న కర్రలకు చుట్టిన తీగ కనిపించి, దాని కొస విద్యుత్ స్తంభం వైపు వెళ్తుంటే తాకవద్దు, దాటవద్దు. విద్యుత్ శాఖ ఆ లైను ఆపేదాకా అందరినీ దూరం ఉంచడమే మీరు చేయాల్సింది.

ఉచ్చులో ప్రాణంతో జంతువు ఉంటే జాలి పడి దగ్గరికి పోవడమే అతి పెద్ద పొరపాటు. మనిషిని చూసిన భయంతో గింజుకుని అది తన కాలే తెంచుకోవచ్చు, లేదా మీ మీద పడొచ్చు. దూరంగా, నిశ్శబ్దంగా ఉండి, పశువైద్యుడిని, మత్తు ఇచ్చే సిబ్బందిని పిలిపించండి. జనం గుమికూడకుండా ఆపడమే ఆ గంటలో మీరు చేయగల మహోపకారం. రువాండాలో 2012లో నాలుగేళ్ల పర్వత గొరిల్లాలు రెండు వేటగాళ్ల ఉచ్చును తమంతట తామే విప్పేయడం పరిశోధకులు చూశారు. ఉచ్చులో చిక్కిన తోటి గొరిల్లాలను చూసి నేర్చుకున్నాయో ఏమో. అన్ని జంతువులకూ ఆ తెలివి, ఆ వేళ్లు ఉండవు.

ఐదో అడుగు: కళేబరం కనబడితే

మొదటి నియమం, చేతులు వెనక్కి పెట్టుకోవడం. విషం పెట్టి ఉండవచ్చు. 2019లో బోట్స్‌వానాలో వేటగాళ్లు చంపిన మూడు ఏనుగుల కళేబరాల్లోని విషానికి 537 రాబందులు చనిపోయాయి. కళేబరం మీద రాబందులు గిరికీలు కొడితే సిబ్బందికి ఆచూకీ తెలుస్తుంది కాబట్టి వేటగాళ్లు వాటిని కూడా వదిలించుకోవాలనుకుంటారు. చుట్టూ చచ్చిన పక్షులుంటే గుడ్డతో ముక్కు మూసుకుని వెనక్కి జరగండి, పెంపుడు కుక్కలను, పశువులను అటు రానీయకండి.

తర్వాత ఆ చోటును నేరస్థలంగా చూడండి. లోపలికి వెళ్లడానికి, బయటికి రావడానికి ఒకే దారి వాడండి. ముందు దూరం నుంచి నాలుగు వైపులా ఫొటోలు, తర్వాత దగ్గరివి, పక్కన స్కేలు లేదా పెన్ను పెట్టి. పాదముద్రలు, సిగరెట్టు ముక్కలు, ఖాళీ తూటాలు, నీళ్ల సీసాలు, గొడ్డలి గాట్లు కనిపిస్తే అవి ఉన్నచోటే ఉండనిచ్చి గుర్తుపెట్టండి. వాన వచ్చేలా ఉంటే పాదముద్ర మీద గిన్నె బోర్లించండి. దంతమో కొమ్మో మిగిలి ఉంటే దాన్ని ఊళ్లోకి మోసుకురావద్దు. అది మీ చేతిలో ఉన్న క్షణం నుంచి కోర్టులో ప్రతివాది లాయరు అడిగే మొదటి ప్రశ్న మీ గురించే అవుతుంది.

సమాచారం, సాంకేతికత

పెద్ద ముఠాలు దొరికిన సందర్భాల్లో ఎక్కువసార్లు దారి చూపింది ఎవరో చెప్పిన ఒక మాట. ఆ మాట చెప్పినవారి పేరు ఎంతమందికి తెలుసు అన్నదే మీ వ్యవస్థకు అసలు పరీక్ష. ఇద్దరికి మించి తెలియకూడదు. కాగితాల మీద పేరు బదులు సంకేతం వాడాలి, బహుమతి నలుగురి ముందు ఇవ్వకూడదు. ఒకే మనిషి మాట మీద ఎవరినీ పట్టించవద్దు, పాత పగలు తీర్చుకోవడానికి కూడా సమాచారం వస్తుంది.

పరికరాల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు: డ్రోను కొనేముందు బూట్లు కొనండి. గస్తీ వివరాలు నమోదు చేసే స్మార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. ముందు దాన్ని సక్రమంగా నింపడం నేర్చుకుంటే ఏ దారిలో ఉచ్చులు పెరుగుతున్నాయో తెలుస్తుంది. కెమెరాలు పెడితే మనిషి కంటికి కనిపించనంత ఎత్తులో, కిందికి వంచి పెట్టండి. దొంగిలించినా ఫొటో పోకుండా ఉండాలంటే సిమ్ ఉన్న కెమెరా మేలు.

ఖరీదైన పరికరాలు ప్రతిసారీ అనుకున్న ఫలితం ఇస్తాయని లేదు. క్రూగర్ ప్రాంతంలోని 11 అభయారణ్యాల్లో 2017 నుంచి 2023 వరకు జరిపిన అధ్యయనం ప్రకారం, ఖడ్గమృగాల కొమ్ములు ముందే కోసేయడం వల్ల వేట 78 శాతం తగ్గింది. కుక్కలు, కెమెరాలు, గస్తీ మీద పెట్టిన భారీ ఖర్చుతో వందలాది వేటగాళ్లు పట్టుబడ్డారు గానీ, వేట తగ్గిందని గణాంకాలు గట్టిగా చూపలేకపోయాయి. కొమ్ము మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారవుతుంది, మత్తు ఇచ్చి కోస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. అందుకే ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మళ్లీ కోయాలి. మిగిలిన మొదలు కోసం కూడా చంపేవాళ్లున్నారు. ఉపాయమే తప్ప పరిష్కారం కాదు.

కోర్టు: అందరూ వదిలేసే అడుగు

అరెస్టు రోజున ఫొటోలు దిగుతారు, తీర్పు రోజున ఎవరూ ఉండరు. కెన్యాలో వైల్డ్‌లైఫ్ డైరెక్ట్ సంస్థ 2008 నుంచి 2013 దాకా కోర్టు దస్త్రాలు తిరగేస్తే, వన్యప్రాణి నేరాల్లో దోషులుగా తేలినవారిలో జైలుకు వెళ్లింది 4 శాతమే అని తేలింది. చట్టం లేక కాదు. దస్త్రాలు మాయమవడం, సాక్షులు రాకపోవడం, న్యాయమూర్తులు వీటిని చిన్న నేరాలుగా చూడడం వంటివి కారణాలు.

ఇది అడవి ఎక్కలేనివారు కూడా చేయగల పని. కేసు నంబరు రాసుకుని ప్రతి వాయిదాకు వెళ్లి కూర్చోండి. ఎందుకు వాయిదా పడింది, ఏ సాక్షి రాలేదు, స్వాధీనం చేసుకున్న వస్తువు ఎక్కడుంది, అన్నీ నమోదు చేయండి. సాక్షికి బస్సు చార్జీ లేక రాలేకపోతే ఆ ఏర్పాటు అధికారుల ద్వారా జరిగేలా చూడండి. పట్టుబడిన దంతం ఏ ప్రాంతపు ఏనుగుదో డీఎన్ఏ చెబుతుంది. శాస్త్రజ్ఞుడు శామ్యూల్ వాసర్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద మొత్తాల్లో పట్టుబడిన దంతాల్లో అత్యధిక భాగం ఆఫ్రికాలోని రెండు ప్రాంతాల నుంచే వచ్చినట్టు తేలింది. ఒక నమూనా సరిగ్గా భద్రపరిస్తే చేతికి చిక్కినవాడి వెనకున్నవాళ్ల దాకా దారి దొరుకుతుంది.

కొనేవైపు, ఫోను వైపు

అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. మొదటి అనుబంధంలో ఉన్న జాతుల వాణిజ్యం దాదాపు పూర్తిగా నిషిద్ధం. ఒళ్లంతా పొలుసులుండే అలుగుల (పాంగోలిన్ల) ఎనిమిది జాతులనూ 2016లో దాంట్లో చేర్చాలని నిర్ణయించారు. ప్రమాదం వస్తే అలుగు బంతిలా ముడుచుకుంటుంది. సింహం పంటికి అది లొంగదు, మనిషి మాత్రం ఎత్తి సంచిలో వేసుకుంటాడు.

కొనేటప్పుడు గుర్తుంచుకోండి: 'పెంపక కేంద్రంలో పుట్టింది' అన్న కాగితం అడవి నుంచి పట్టుకొచ్చినదాన్ని చట్టబద్ధం చేసే పాత ఎత్తుగడ. ఆన్‌లైన్‌లో అనుమానపు ప్రకటన కనిపిస్తే కింద తిట్లు రాయవద్దు, పంచవద్దు. స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, అమ్మేవారి ఖాతా పేరు భద్రపరచి ఆ వేదికకు, అధికారులకు ఫిర్యాదు చేయండి. కొంటున్నట్టు నటించి వలపన్నడం మీ పని కాదు, దాంతో నిజమైన దర్యాప్తు చెడిపోతుంది.

అరుదైన జంతువు ఫొటో పెట్టేటప్పుడు స్థానం తెలిపే వివరాలు తీసేయండి, వెనక కొండ గుర్తుపట్టేలా ఉంటే ఆ ఫొటోనే పెట్టవద్దు. ఇండోనేసియాలోని రోటి దీవికి చెందిన పొడవు మెడ తాబేలును 1994లో శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా వర్ణించగానే పెంపకందారుల గిరాకీ పెరిగి అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అందుకే ఇప్పుడు కొత్త జాతులు దొరికిన చోటును కొందరు శాస్త్రజ్ఞులే దాచి ఉంచుతున్నారు.

పని జరుగుతోందా లేదా

తీసిన ఉచ్చుల మొత్తం సంఖ్య చెప్పి సంతోషపడవద్దు. ఎక్కువ నడిస్తే ఎక్కువ దొరుకుతాయి. నడిచిన ప్రతి పది కిలోమీటర్లకు ఎన్ని దొరికాయో లెక్కించండి, అదే దారిలో, అదే నెలల్లో, ఏడాదికేడాది పోల్చండి. ఆ సంఖ్య తగ్గుతూ, కెమెరాల్లో దుప్పులు, పిల్లలతో ఉన్న తల్లులు పెరుగుతుంటే మీరు సరైన దారిలో ఉన్నారు. ఉచ్చులు తగ్గినా జంతువులు పెరగకపోతే అనుమానించండి: వేటగాడు పక్క లోయకు మారి ఉండవచ్చు, తుపాకీకి మారి ఉండవచ్చు, లేదా పట్టడానికి అక్కడ ఏమీ మిగలక వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ మూడింటిలో ఏదో తేలేదాకా గస్తీ కిలోమీటర్లు తగ్గించకండి, పక్క లోయకు ఒక దారి కలపండి.